పదో ఫారం

ఇంట్లో అందరూ ఆమెను పిడుగు అంటారు. లా కాలేజీలో ఆఖరి సంవత్సరం. అంతటి పిడుగుకూ కోర్టు హాల్లో లేచి నిలబడేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది.

చిక్కంతా ఓడల చట్టంతో వచ్చింది. రేవు దగ్గర ఆఫీసున్న పెద్ద లాయరు ఒకాయన, "ఆ సబ్జెక్టు చదివి రా, నా గదిలో నీకో కుర్చీ వేయిస్తాను" అని మాటిచ్చాడు. కాలేజీలో పదిమంది చేరితేనే ఆ సబ్జెక్టు నడుస్తుంది. ఆఖరి రోజున, గడువుకు ఇంకా గంట ఉండగానే, పిడుగు ఫారం నింపుకుని ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"తొమ్మిదిమందే చేరారమ్మా. అది నడవదు, ఇంకోటి రాసుకో" అన్నాడు గుమాస్తా.

"నేను పదోదాన్ని కదండీ!"

"నడవని సబ్జెక్టులో నిన్నెలా చేర్చుకోను?"

ప్రిన్సిపాల్ దగ్గరా అదే పాట. అంతే, పిడుగు కోర్టుకెక్కింది. నలభై ఏళ్ళు టైపిస్టుగా చేసిన పెద్దమ్మ కూర్చుని, ఒక్క అచ్చుతప్పు లేకుండా పిటిషన్ కొట్టిపెట్టింది. ఇప్పుడు వెనక బెంచీలో చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, సినిమాకు వచ్చినంత హుషారుగా కూర్చుంది.

"నువ్వేమంటావమ్మా?" అంది జడ్జిగారు, కళ్ళజోడు పైనుంచి చూస్తూ.

పిడుగు నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. చేతిలో కాగితాలు మాత్రం గలగలా మాట్లాడుతున్నాయి.

"పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితేగానీ పిచ్చి కుదరదు" అని గొణిగింది పెద్దమ్మ. ఆవిడ గొణుగుడు నాలుగు గదుల అవతలికి వినిపిస్తుంది.

"ఎవరది?"

"మా పెద్దమ్మండీ!" అనేసింది పిడుగు. ఆ ఒక్క ముక్కతో గొంతు పెగిలింది. "గడువులోపే నేను కిటికీ దగ్గర నిలబడ్డాను, యువరానర్. నన్ను లెక్కపెట్టకుండా తొమ్మిదన్నారు. లెక్కపెట్టమంటున్నాను, అంతే."

జడ్జిగారు కాలేజీ లాయరు వైపు తిరిగింది. "ఈ అమ్మాయిని ఎందుకు చేర్చుకోలేదు?"

"సబ్జెక్టు నడవదు కాబట్టి, యువరానర్."

"ఎందుకు నడవదు?"

"తొమ్మిదిమందే ఉన్నారు కాబట్టి."

"తొమ్మిదిమందే ఎందుకున్నారు?"

"ఈ అమ్మాయిని చేర్చు..." లాయరు ఆగిపోయాడు. కాగితం తిప్పి చూశాడు. వెనక కూడా ఏమీ రాసి లేదు.

ముందు బంట్రోతు కిసుక్కుమన్నాడు. ఆపైన హాలంతా. జడ్జిగారు నవ్వు దాచుకోవడానికి నీళ్ళగ్లాసు ఎత్తి, పొలమారి దగ్గింది. దగ్గుతూనే తీర్పు చెప్పింది: సాయంత్రం ఐదులోపు చేర్చుకోవాలి, క్లాసు నడపాలి.

నాలుగున్నరకు పెద్దమ్మా పిడుగూ చేతులు పట్టుకుని కాలేజీ మెట్లెక్కుతున్నారు. ఎవరు ఎవరిని లాగుతున్నారో తెలియడం లేదు.

గుమాస్తా తీర్పు కాగితం రెండుసార్లు చదివాడు. ఫారం ఇవతలికి తోశాడు. నవ్వాపుకోలేక పిడుగు పెట్టిన సంతకం గడి దాటి, పక్క గడి కూడా దాటిపోయింది.

"ఇంకో ఫారం తీసుకో" అన్నాడు విసుగ్గా. "రేపు ఉదయం ఆరున్నరకే క్లాసు. ఆ మాస్టారికి వేరే టైము ఖాళీ లేదు."

"ఆరున్నరా!" పిడుగు మొహం వాడిపోయింది. తొమ్మిదికి ముందు తెల్లవారడం ఆమె ఎరగదు.

"దానిమీదా పిటిషన్ కొట్టమంటావుటే?" అంది పెద్దమ్మ.

గుమాస్తా గబుక్కున కిటికీ తలుపు సగం మూసేశాడు. "ముందు సంతకం పెట్టమ్మా తల్లీ!"

పిడుగు పెదవి కొరుక్కుని, గడి లోపలే, పొందిగ్గా సంతకం చేసింది.