ధరావతు

"నీ తరఫున పాడేది ఎవరమ్మా?" పంచాయతీ గుమాస్తా మళ్ళీ అడిగాడు.

"నేనేనండి," అంది పాపాయి మళ్ళీ.

మార్చి ఆఖరు ఎండ. గంటలమూడి పంచాయతీ ఆఫీసు పెంకులు మూకుడులా కాగుతున్నాయి. తెల్లారకుండా లంకలో వంకాయలు కోసి, పడవ దాటించి, ఇల్లిల్లూ తిరిగి అమ్మి, ఖాళీ బుట్టతో సరాసరి ఇక్కడికే వచ్చింది. కాళ్ళు పీకుతున్నాయి. రొంటిన దోపుకున్న రెండు వేల రూపాయలూ చెమటకు తడిసి కడుపుకు అంటుకుపోయాయి.

లోపల బెంచీమీద కూర్చున్న అమ్మిరాజు నవ్వాడు. సంత ఆశీలు పాట ఆరేళ్ళుగా ఆయనదే. సంతకు వచ్చిన ప్రతి బుట్టకూ ఇంత, బండికి ఇంత అని వసూలు చేసుకునే హక్కును పంచాయతీ ఏటా వేలం వేస్తుంది. పాడేవాళ్ళు ముందురోజే అమ్మిరాజు ఇంట్లో కాఫీ తాగి, తలా కొంత పుచ్చుకుని, వేలంలో ఒకటి రెండు మాటలని ఊరుకుంటారు. పోయినేడు ఆరువేల రెండొందలకే ఆయనకు దక్కింది. బోర్డు మీద రాసింది బుట్టకు పావలా. ఆయన మనుషులు పుచ్చుకునేది రూపాయి.

"ఏంటి పాపాయీ, వంకాయలమ్మి సంత కొనేస్తావా?" అన్నాడు.

"ఆయ్, బేరం అడిగితే తప్పేంటండి? నన్ను రోజూ అడిగేవాళ్ళంతా కొంటన్నారా?"

బయట నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఈ మధ్యనే బదిలీ మీద వచ్చిన ఆఫీసరు విసుగ్గా తలెత్తి, "ధరావతు కట్టినవాళ్ళు ఎవరైనా పాడొచ్చు. కట్టించుకోవయ్యా," అన్నాడు.

తడి నోట్లు గుమాస్తా బల్లమీదికి చేరాయి.

అది చీటీ డబ్బు. కిరాణా కొట్టు వెంకటసుబ్బారావు దగ్గర నెలకు యాభై చొప్పున కట్టింది. ఆడకూలీకి రోజుకు ఆరు రూపాయలిచ్చే ఊళ్ళో నెలకు యాభై మిగల్చడమంటే ఎన్ని పూటలు గంజితో సరిపెట్టుకుందో ఆమెకే తెలుసు. అవసరాలున్నవాళ్ళు తరుగు పోగొట్టుకుని ముందే పాడుకుపోయారు. ఆమె చివరిదాకా ఆగింది, తరుగు లేకుండా రెండు వేలూ అందుకుంది.

ఆ డబ్బుకు చోటు చూపించని వాళ్ళు లేరు. "నా దగ్గరే ఉంచు, నూటికి రెండు రూపాయల వడ్డీ వేస్తాను," అన్నాడు సుబ్బారావు. సంతలో పక్కన కూర్చునే సంపూర్ణమ్మ, "కాసు బంగారం కొనుక్కోవే, కష్టమొస్తే మెడలోంచి తీసుకోవచ్చు," అంది. కొబ్బరిచెట్టు మీంచి పడి నడుం పోగొట్టుకున్న మొగుడు రాముడు మాత్రం గేదె అన్నాడు. "కూకుని పాలు పితకడం నాకు చాతనవుద్ది గదే," అన్నాడు, తన చేతులకేసి చూసుకుంటూ. ఆ మాటకు ఆమె గేదెకే సరే అందామనుకుంది కూడా.

కానీ ప్రతి సోమవారం సంతలో ఆమెకు తన తక్కెడ కనబడేది.

పోయిన శ్రావణంలో రాముణ్ణి పాలకొల్లు ఆస్పత్రిలో పెట్టి, చేతిలో చిల్లిగవ్వ లేకుండా సంతకు వచ్చింది. "బోణీ అయ్యాక ఇస్తానండి," అని బతిమాలింది. అమ్మిరాజు వంగి ఆమె తక్కెడ తీసుకుపోయి ఆశీలు పాకలో గుంజకున్న మేకుకు తగిలించాడు. ఇత్తడి సిబ్బెలు, ఆమె తల్లి వాడిన తక్కెడ. ఆరోజు కూరలు కుప్పలు పోసి, ఎవరు ఎంతిస్తే అంతకు అమ్ముకుంది. మరుసటి వారం రూపాయి తెచ్చి ఇస్తే పుచ్చుకున్నాడు. తక్కెడ అడిగితే, "ఉండనీ. చూసినవాళ్ళకి బుద్ధొస్తది," అన్నాడు. అప్పట్నుంచి అది అక్కడే వానకు తడిసి చిలుము పట్టింది. దానికింద నిలబడే ప్రతివారం ఆమె రూపాయి చెల్లించింది.

పాట అయిదు వేల దగ్గర మొదలైంది. కాఫీ తాగినవాళ్ళు అనవలసిన మాటలని ఊరుకున్నారు. అమ్మిరాజు ఆరున్నర అన్నాడు.

"ఏడు వేలండి," అంది పాపాయి.

"ఏడున్నర."

"ఎనిమిది."

చీటీ పాటల్లో ఏళ్ళ తరబడి కూర్చున్న మనిషి. అవసరానికి పాడే గొంతేదో, పంతానికి పాడే గొంతేదో ఆమె చెవికి తెలుసు. అమ్మిరాజు గొంతులో ఇంకా నవ్వే ఉంది. పదివేలు దాటాక ఆ నవ్వు పోయింది. పన్నెండు వేలని ఆమె అనగానే, పక్కనున్న బావమరిది ఆయన భుజంమీద చెయ్యేసి, అందరికీ వినబడేలాగే అన్నాడు.

"ఊరుకో బావా. దానిమీద కొట్టేయనీ. పాట సొమ్ములో మూడోవంతు రేపే కట్టాలి, ఎక్కణ్ణించి తెస్తది? ధరావతు పంచాయతీకి పోద్ది, మళ్ళీ పాట పెడతారు."

అమ్మిరాజు ఊరుకున్నాడు. వెనక్కి వాలి కాలుమీద కాలేసుకున్నాడు.

"పన్నెండు వేలు ఒకటోసారి," అన్నాడు ఆఫీసరు.

పాపాయికి రాముడి చేతులు కళ్ళముందు కదిలాయి. తడి నోట్లు బల్లమీద, గుమాస్తా సిరాబుడ్డి కింద ఉన్నాయి.

"రెండోసారి."

"బాబూ, ఒక్క మాటండి," అంది ఆఫీసరుతో. "పాక నాదైపోతే అందులో ఉన్న మేకు కూడా నాదేనాండి?"

"మేకేంటమ్మా?"

"నా తక్కెడ తగిలించారండి దానికి. తక్కెడ ఇంటికి తీసుకెళ్ళిపోతాను. మేకు ఖాళీగా ఉంటే బాగోదు గదండి. అమ్మిరాజుగారి కండువా తగిలిత్తాను. ఆయనొచ్చి పావలా కట్టి పట్టుకెళ్తారు."

బయట ఎవడో పగలబడి నవ్వాడు. ఆ నవ్వు వరండా అంతా పాకింది. కాఫీ తాగినవాళ్ళు కూడా మీసాల చాటున నవ్వారు. అమ్మిరాజు మెడమీద నరం లేచింది.

"పదిహేను వేలు!" అని లేచి నిలబడ్డాడు. బావమరిది చొక్కా పట్టుకుని లాగితే విదిలించేశాడు.

"పదహారండి," అంది పాపాయి మెల్లగా.

"పందొమ్మిది! ఇంకా పాడతావుటే? పాడు!"

ఆమె ఖాళీ బుట్ట చేతికి తీసుకుంది.

"ఇంక నావల్ల కాదండి. సంత తవరిదే," అంది. తర్వాత గుమాస్తా వైపు తిరిగి చెయ్యి చాపింది. "నా ధరావతు ఇప్పించండి బాబూ."

సాయంత్రం కాలవ వంతెన మీద సంపూర్ణమ్మ దారికడ్డంగా నిలబడింది.

"చేసిందంతా చేసి బుట్ట ఊపుకుంటా పోతన్నావా? ఆ పందొమ్మిది వేలూ ఆడి బాబు సొమ్ములోంచి కడతాడనుకున్నావా? మన బుట్టల్లోంచే లాగుతాడు. నీ కచ్చ తీరడానికి మా పిల్లల నోట్లో మట్టి కొట్టావు గదే!"

"మన బుట్టలు సంతలో ఉంటే గదొదినా లాగేది?"

"సంతలో కాక నెత్తిమీద పెట్టుకుని నిలబడతామా?"

సంతకు ఎదురుగా, బస్సురోడ్డు అవతల, బంగారమ్మ అనే ముసలావిడకి కొబ్బరి డొక్కలు పోసే దొడ్డి ఉంది. పాపాయి ఆఫీసునుంచి నేరుగా అక్కడికే వెళ్ళి ఏడాది అద్దె ఆరొందలు ఆవిడ చేతిలో పెట్టి వచ్చింది. ఆ సంగతి చెప్పి, "మనం అద్దెకు తీసుకున్న దొడ్డిలో కూకుంటే ఆశీలు లేదు," అంది.

"పంచాయతీవాళ్ళు ఊరుకుంటారా?"

"ఊరుకోపోతే నోటీసిస్తారు. అది వొచ్చి, మనం కాగితం పెట్టుకుని, వాళ్ళు చూసీసరికి ఎన్ని సంతలెళ్ళిపోతాయి? ఆయన పంచాయతీకి కట్టాల్సింది మాత్రం ఆగదు గదా."

సంపూర్ణమ్మ దారి వదిలి పక్కకు జరిగింది. "నీకు కడుపులో విషముందే," అంది. "నేను మట్టుకు రాను తల్లీ. ఆ మనిషి కోపం నేను పడలేను."

ఇంటిదగ్గర రాముడు అంతా విని, "మరి గేదో?" అన్నాడు.

"మిగిలినదానికి పెయ్యదూడ వొస్తదయ్యా."

"దూడ పాలివ్వదు గదే."

"పెరుగుద్ది."

అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కొత్త పాట అమల్లోకి వచ్చిన తొలి సోమవారం. పాపాయి వేకువనే డొక్కలు ఒక పక్కకు ఎత్తిపోసి, నీళ్ళు చల్లి, దొడ్డిలో ఒక్కతే బుట్ట దింపుకుంది. చేతిలో కొత్త రేకు తక్కెడ. బస్సు దిగినవాళ్ళు ఆమెను చూసి, ఏదో పొరపాటనుకుని, ఎదుట సంతలోకే వెళ్ళారు. పొద్దెక్కింది. వంకాయల తొడిమలు వాడుతున్నాయి. సంత నిండుగా ఉంది. ఆమె బుట్టా నిండుగానే ఉంది.

అప్పుడు సంతలో గొడవ మొదలైంది. "పాట పెరిగింది, ఆశీలు పెరిగింది. బుట్టకి రెండున్నర," అంటున్నారు అమ్మిరాజు మనుషులు. "బోణీ కూడా అవలేదు బాబూ," అంటున్న గొంతు సంపూర్ణమ్మది. ఎవరో బుట్ట తన్నారు. దోసకాయలు దొర్లుకుంటూ రోడ్డు మీదికి వచ్చాయి. లంకనుంచి అరటిగెలల బండి తోలుకొచ్చిన ముసలాయన సంత గేటుదాకా వచ్చి, ఎద్దుల్ని ఆపి, అటూ ఇటూ చూసి, బండిని దొడ్డివైపు తిప్పాడు.

అమ్మిరాజు పాకలోంచి బయటికొచ్చాడు. బండిని చూశాడు. లోపలికెళ్ళి మేకు మీంచి తక్కెడ తీసి, తనే పట్టుకుని రోడ్డెక్కాడు. రోడ్డు మధ్యలో ఆగి, గొంతు తగ్గించాడు.

"ఇదిగో, నీ తక్కెడ. నీకు ఆశీలే వొద్దు. ఏడాదంతా వొద్దు. అటొచ్చి నీ చోటులో కూర్చో."

చిలుము పట్టిన సిబ్బెలు గొలుసుల మీద ఊగుతున్నాయి. తల్లి వేళ్ళు ఆనిచోట గొలుసు అరిగి ఉంది. పాపాయి దాన్ని కళ్ళారా చూసుకుంది. చెయ్యి చాపలేదు.

"వొద్దండి, తవరి దగ్గరే ఉంచుకోండి," అంది. "పందొమ్మిది వేలు పెట్టి కొన్న సంత. తూచుకోడానికి కావాలి గదా."

ఆయన నోరు తెరిచేలోగా వెనక, సంతలోంచి, సంపూర్ణమ్మ గొంతు గట్టిగా వినబడింది.

"బుట్ట నెత్తికెత్తుకోవాలి. ఎవరన్నా ఓ చెయ్యెయ్యండే!"

ఎవరు చెయ్యి వేశారో ఆయన తిరిగి చూడబోయాడు. పాలకొల్లు బస్సు మలుపు తిరిగి హారన్ కొడుతూ మీదికొస్తోంది. చేతిలో తక్కెడ ఊగుతుంటే, ఏ పక్కకు తప్పుకోవాలో తోచక అమ్మిరాజు రోడ్డు మధ్యనే నిలబడిపోయాడు.