ఇరవై రెండు గంటల దూరం

కుడిచేత్తో మూడు, ఎడమచేత్తో రెండు కోడిపిల్లల్ని తీసి అట్టపెట్టెలోకి వదిలాడు. మళ్ళీ ఐదు. గదికి పాతిక, పెట్టెకు నాలుగు గదులు. తక్కువైతే చలికి చస్తాయి, ఎక్కువైతే ఉక్కకు చస్తాయి. తెల్లవారుజామున గుడ్డు పగలగొట్టుకుని వచ్చినవి మధ్యాహ్నానికి విమానమెక్కాలి. హేచరీలో అందరూ అతన్ని పెట్టెల పెద్దాయన అంటారు. వంగి వంగి గూనిపట్టిన వీపు. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ పసుపు నూగు.

ఈ పెట్టెలు దిగే ఊళ్ళోనే అతని అన్న ఆసుపత్రిలో ఉన్నాడు. పన్నెండు వేల కిలోమీటర్లు. మధ్యలో ఒకచోట విమానం మారాలి, మొత్తం ఇరవై రెండు గంటలు. అన్న కూతురు అదే విమానానికి టికెట్ పంపింది. పొద్దున వస్తూనే అతను తన సంచిని లారీ ముందు సీట్లో పెట్టాడు.

"సంచి ఎక్కింది. మీరెప్పుడు ఎక్కుతారు పెద్దాయనా?" అన్నాడు డ్రైవరు.

"పని కానీ."

"ఇంకా ఒక్క గింజైనా ముట్టనివే సముద్రాలు దాటుతున్నాయి. మీకేంటి బెరుకు?"

"వాటికి అన్నలు లేరు. అన్నీ ఒక్కరోజే పుట్టాయి."

ఆరేళ్ళ కిందట అతని భార్య పోయిన రోజు అన్న ఫోన్‌లో అన్నాడు, "ఇరవై రెండు గంటల ప్రయాణంరా. నేనొచ్చేసరికి అంతా అయిపోతుంది కదా." దహనం రెండు రోజులు ఆపుతానని ఇతను చెప్పేలోపే ఫోన్ పెట్టేశాడు. అన్న చెప్పింది అబద్ధం కాదు. అందుకే అతను క్షమించలేదు.

పుట్టిన పిల్ల కడుపులో కాస్త పచ్చసొన మిగిలి ఉంటుంది. దాంతో మూడు రోజులు తిండీ నీళ్ళూ లేకుండా బతికేస్తుంది. అతను ఆరేళ్ళు ఆ మాట మీద బతికాడు.

చివరి పెట్టెకు తాడు బిగిస్తుంటే ఫోన్ మోగింది.

"బయలుదేరావా బాబాయ్? కళ్ళు తెరిచినప్పుడల్లా నాన్న నిన్నే అడుగుతున్నాడు."

"మీ నాన్నకి చెప్పమ్మా. నేనొచ్చేసరికి అంతా అయిపోతుంది కదా అని."

ఆ పిల్ల ఫోన్ పెట్టేసింది. ఇన్నాళ్ళు నోట్లో దాచుకున్న మాట బయటికొచ్చాక దానికి రుచే లేదు.

పెట్టెలన్నీ లారీ ఎక్కాయి. అతను కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. హారన్ మోగింది. మళ్ళీ సబ్బు రాశాడు. నూగు వదలలేదు. ఇంకోసారి మోగింది. కోడిపిల్లలు మనిషి కోసం ఆగలేవు. లారీ వెళ్ళిపోయింది. కుళాయి కారుతూనే ఉంది.

సాయంత్రం మళ్ళీ ఫోన్ వచ్చింది.

"నాన్న పోయాడు బాబాయ్."

కోడిపిల్లలు ఇంకా గాల్లోనే ఉంటాయి, విమానం మారేచోటికి కూడా చేరి ఉండవు. తను వెళ్ళినా అన్న అందేవాడు కాదు. అతను ఆ మాటే అనబోయాడు.

"చివరిసారి అడిగినప్పుడు, బయలుదేరావనే చెప్పాను," అంది ఆ పిల్ల.

చీకటి పడుతుండగా లారీ తిరిగొచ్చింది. వెనక ఖాళీ. ముందు సీట్లో, విమానాశ్రయం దాకా వెళ్ళొచ్చిన సంచి. పడిపోకుండా డ్రైవరు దానికి బెల్టు పెట్టాడు.