స్వర్ణ నొక్కని కీ

నారాయణగూడలో మా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఒక టిఫిన్ హోటల్ పైన ఉండేది. అది 1994. ఊరంతా వాడుకోగా మిగిలిన కరెంటును మాకు పంపేవారని నా అనుమానం. అది పోయినప్పుడల్లా స్క్రీన్ మీద రాసిందంతా పోయేది. అందుకే మా బ్యాచ్‌లో అందరికీ ఒక అలవాటు పట్టుకుంది. లైను రాయగానే వేలు దానంతటదే సేవ్ చేసే ఎఫ్2 మీదికి పోయేది. మా జైపాల్ అన్నం తింటూ ముద్దముద్దకీ కంచాన్ని సేవ్ చేసుకునేవాడు.

శశాంక్ మాత్రం నొక్కేవాడు కాదు. మేం ప్రోగ్రామ్‌లు రాయడానికి వాడే ఎడిటర్ అనే సాఫ్ట్‌వేర్‌కి చిన్న చిన్న ఆజ్ఞలు రాసిపెడితే మనం చెప్పినట్టు వింటుంది. శశాంక్ దానికి చెప్పని పని లేదు. రెండక్షరాలు కొడితే సెలవు చీటీ మొత్తం వచ్చేది, జ్వరం డిగ్రీలతో సహా. ఇంకో రెండు కొడితే ప్రోగ్రామ్‌లో సగం అదే రాసుకునేది. ఎంటర్ కొట్టిన ప్రతిసారీ దానంతటదే సేవ్ అయ్యేది. ఇంకొన్నాళ్లు ఆగితే వాడి బదులు పెళ్లిచూపులకు కూడా అదే వెళ్లేది.

ఆ సెట్టింగులన్నీ ఫ్లాపీలో కాపీ చేసి స్వర్ణకు ఇచ్చాడు. స్వర్ణ తండ్రి బీరయ్య తాపీమేస్త్రీ. పాలమూరు వైపు నుంచి వచ్చి ముషీరాబాద్ బస్తీలో ఉండేవారు. స్వర్ణ బ్యాచ్ మధ్యలో చేరింది కాబట్టి మొదటి పాఠాలు దొరకలేదు. మెషిన్ కూడా రోజుకు ఒక గంటే దొరికేది. ఏ సందేహం వచ్చినా శశాంక్‌నే అడిగేది. కరెంటు పోయి వచ్చినా ఆమె రాసింది అలాగే ఉండేది. కంప్యూటరంటే అంతేననుకుంది. మేమంతా ఎఫ్2 కొడుతుంటే చూసి, ఏదో చేతి జబ్బనుకుని జాలిపడేదట.

అశోక్‌నగర్‌లో ఒక కంపెనీ ప్రోగ్రామర్ ఉద్యోగానికి పరీక్ష పెట్టింది. ఉన్నది ఒకటే ఉద్యోగం. అది రాకపోతే స్వర్ణ బర్కత్‌పురలో చీరల దుకాణంలో కూర్చోవాలి. వాళ్లన్న శ్రీను అక్కడ మాట్లాడేసి వచ్చాడు.

పరీక్షకు నేనూ వెళ్లాను. వైరస్ వస్తుందని గేటు దగ్గరే మా ఫ్లాపీలు తీసుకుని చెప్పుల పక్కన పెట్టించారు. లోపల ఉన్నది మేం వాడే ఎడిటరే, కాకపోతే ఎవరి చెయ్యీ పడనిది. స్వర్ణ మధ్యమధ్య స్క్రీన్‌ను అనుమానంగా చూస్తూనే చకచకా రాసుకుపోయింది. నేను ఆమె పక్కన కూర్చుని, రాని ప్రోగ్రామ్‌ను భక్తిశ్రద్ధలతో సేవ్ చేస్తూ ఉన్నాను. చివర్లో కరెంటు పోయి వచ్చింది. నా ప్రోగ్రామ్ తప్పులతో సహా క్షేమంగా ఉంది. స్వర్ణ స్క్రీన్ మీద ఏమీ లేదు.

శశాంక్ చిక్కడపల్లిలో ఇరానీ హోటల్ దగ్గర మా కోసం కాచుకుని ఉన్నాడు.

"ఎట్ల రాసినవ్?" అన్నాడు.

"అంతా రాసిన," అంది స్వర్ణ. "కరెంటు పోయొచ్చినంక చూస్తే ఏం లేదు. వాళ్ల కంప్యూటరే ఖరాబున్నట్టుంది."

"సేవ్ కొట్టలేదా?" అన్నాన్నేను.

"కొట్టుడేంది? అదే చేసుకుంటది గద."

శశాంక్ చాయ్ కింద పెట్టాడు. "అది నేను పెట్టిన," అన్నాడు. "ఎంటర్ కొడితే సేవ్ అయ్యేటట్టు. నీ ఫ్లాపీల."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్పేంత ముచ్చట గాదనుకున్న. నీకు దొరికేదే గంట. జర తేలికైతదని."

స్వర్ణ నా వైపు తిరిగింది. "అందరికి ఎర్కనా?"

"సేవ్ కొట్టాలని ఎర్కనే. నీకు ఎర్కలేదనే మాకు ఎర్కలేదు."

"రేపు పోయి ఆ కంపెనీ సార్‌కు చెప్త," అన్నాడు శశాంక్. "తప్పు నాదని."

"ఏమని చెప్తవ్? ఈ పిల్లకు సేవ్ కొట్టుడు గూడ రాదనా?"

శశాంక్ చల్లారిన చాయ్‌ని పక్కకు జరిపి డబ్బులివ్వడానికి లేచాడు.

ఆ ఉద్యోగం నాకిచ్చారు. నా ప్రోగ్రామ్‌లో తప్పులున్నాయట, కానీ మిగతావాళ్లవాటిలో ఇంకా ఎక్కువున్నాయట. స్వర్ణది మాత్రం చూడ్డానికి లేదు.

సోమవారం నుంచి దుకాణం అనగా, శనివారం స్వర్ణ తన గంటకు వచ్చింది. మెషిన్ ఆన్ చేయలేదు. శశాంక్‌ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టింది.

"నాకు చెప్పకుంట ఇంక ఏమేం పెట్టినవ్ ఆ ఫ్లాపీల?"

"ఇప్పుడెందుకు స్వర్ణా?"

"నాకు వచ్చనుకున్నయి ఏమేం రావో తెల్సుకోవద్దా? చెప్పు."

వాడు చెప్పడం మొదలుపెట్టాడు. బ్రాకెట్లు అవే మూసుకోవడం, లైన్లు అవే సర్దుకోవడం, తప్పు కొడితే అదే దిద్దడం. ఒక్కోటి విని స్వర్ణ "ఇది గూడనా" అంటోంది. అరిచినా బాగుండేది. వాడి గొంతు తగ్గుతూ పోయి, పక్క కుర్చీలో ఉన్న నాకే వినపడకుండా పోయింది.

మాకు పాఠాలు చెప్పే సూర్యప్రకాశరావు సార్ లోపలికి తొంగిచూసి, తర్వాతి బ్యాచ్ వచ్చిందన్నారు. స్వర్ణ లేచి కుర్చీ లోపలికి జరిపింది. శశాంక్ చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి.