బావ వినిపించే చోటు

నాలుగోసారి లేచి, లోతు స్వరాలు మోగించే పెద్ద ఊఫరు పెట్టెని గోడ నుంచి జానెడు ముందుకు జరిపాడు తగ్గింపు బాబాయి. కూర్చున్నాడు. విన్నాడు. మళ్ళీ లేచి జానెడు వెనక్కి జరిపాడు. షాపు తెరవడానికి ఇంకా అరగంట ఉంది. వినిపించే గదిలో, బూడిదరంగు తివాచీ మీద, పెట్టెని జరపడానికి అతని మోకాళ్ళు తిరిగినంత మేరా రెండు చారలు తేలాయి. కుర్చీ అతనికి పట్టడం లేదో, అతనే కుర్చీకి పట్టడం లేదో గానీ, కూర్చున్న రెండో నిమిషానికల్లా కింద నిప్పు పెట్టినట్టు లేస్తున్నాడు.

సన్నటి మనిషి. చొక్కా జేబులో చిన్న టార్చి, కొలిచే టేపు. చెవులు మాత్రం ఒంటికి రెండు సైజులు పెద్దవి, ఎవరో పెద్దాయన దగ్గర అడిగి తెచ్చుకున్నట్టుంటాయి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ హైఫై షాపులో స్పీకర్లు వినిపించడమే అతని పని. ఎవరొచ్చినా "కాస్త తగ్గించి వినండి" అంటాడు గనక తగ్గింపు బాబాయి అయ్యాడు. ఆ పేరు విని ధర తగ్గిస్తాడేమోనని ఆశగా వచ్చేవాళ్ళూ ఉన్నారు. ధర అతని చేతిలో లేదు, చప్పుడొక్కటే ఉంది. షాపుకి బాసు ఓనరు, బేసు ఇతను. పెళ్ళి చేసుకోలేదు. ఆ మాట వచ్చినప్పుడల్లా అక్క వాల్యూం పెంచేది, ఇతను తగ్గించేవాడు. చివరికి అక్కాబావల ఇంట్లోనే ముందుగదిలో ఒక మంచమంత చోటులో స్థిరపడ్డాడు.

ఇప్పుడు బెంగంతా ఆ బావ గురించే.

బావ ముప్ఫై ఏళ్ళు ఒక హోటలు బ్యాండులో, పాట అడుగున లోతు స్వరాలు పలికే బేసు గిటారు వాయించాడు. బేసు వాయించేవాడిది బేసి బతుకు, ఏ లెక్కలోనూ జత కలవడు. బ్యాండు ఫొటోలన్నిట్లోనూ గాయకుడు చాచిన చెయ్యి సరిగ్గా బావ మొహం మీదే పడింది. ఆ రోజుల రికార్డింగు ఒక్కటే మిగిలింది, ఒక సాయంత్రం గంటసేపు కేసెట్టులోకి పట్టింది. రిటైరయ్యాక దాన్ని వినడానికి బావ రెండు చిన్న స్పీకర్లు కొనుక్కున్నాడు. పుస్తకాల అరలో పెట్టుకునే రకం. ఇంట్లో పుస్తకాలు లేవు గనక అర ఖాళీగానే దొరికింది. మంచి స్పీకర్లు, గాయకుడు గుటక మింగినా వినిపిస్తుంది. కానీ లోపలున్న గరాటు లాంటి ఐదంగుళాల కోను ఎంత ఊగినా బావ మీటిన తీగల లోతుకి దిగలేదు. ఈత రానివాడిలా మోకాలి లోతు నీళ్ళలో ఆగిపోతుంది.

"గాయకుడు వినిపిస్తాడు, డ్రమ్ములు వినిపిస్తాయి, తినేవాళ్ళ చెంచాలు కూడా వినిపిస్తాయి. ఈయన మాత్రం ఆ రోజు సెలవు పెట్టినట్టున్నారు" అనేది అక్క. పన్నెండేళ్ళుగా ఇదే మాట. బావ నవ్వేవాడు. నవ్వేవాడే గానీ, కేసెట్టుని ఫోనులోకి ఎక్కించి ఇమ్మన్నాడు, ఆ ఫోను నుంచి మళ్ళీ మళ్ళీ పెట్టేవాడు.

నెల కిందట ఆస్పత్రివాళ్ళు బావ గుండె చూసి, ఇంటికి తీసుకెళ్ళండి అన్నారు. అన్న తీరులోనే మిగిలినది తెలిసింది. ఇంటికొచ్చాక బావ బావమరిదిని దగ్గరికి పిలిచి ఒక్కటే అడిగాడు.

"ఒరేయ్, నేను పోయేలోగా ఒక్కసారి మీ అక్కకి వినపడాలిరా."

మొన్న ఓనరు మాట పట్టుకుని పెద్ద ఊఫరుని తీసుకెళ్ళాడు. పన్నెండంగుళాలది, ముందు పిడికిలి దూరేంత గాలి రంధ్రం, అట్టపెట్టె మీద 'సబ్ ఊఫరు' అని పేరు. "ఇదేం సబ్బు ఊఫర్రా, ఏనుక్కి స్నానం చేయిస్తున్నావా?" అంది అక్క. మోగించగానే అల్మారాలో గ్లాసులు వణికాయి, కింది వాటా ఆయన పైకొచ్చి గుమ్మంలోంచి చూసి వెళ్ళాడు. ఏ తీగ మీటినా ఒకటే 'బుం'. బావ మంచం మీంచి చెయ్యి అడ్డంగా ఊపాడు.

"అది నేను కాదురా. నా మీంచి పోయిన లారీ."

అందుకని నిన్న దాన్ని వెనక్కి తెచ్చాడు. ఇవాళ దాని పక్కనే ఇంకొకటి పెట్టాడు. ఎనిమిదంగుళాలది, రంధ్రం లేకుండా నాలుగువైపులా మూసిన పెట్టె, మోకాలి ఎత్తు కూడా ఉండదు. పరాయివాళ్ళకైతే పది నిమిషాల్లో తేల్చి చెప్పేవాడు. సొంత మనిషి దగ్గరికొచ్చేసరికి తేలడం లేదు. చిన్నదే సరైనదని చెవి చెబుతోంది. ఒకవేళ చాలకపోతే? మూడోది తెచ్చేదాకా బావ ఆగుతాడా? చిన్నదాన్ని నమ్మడానికి ధైర్యం చాలక, మళ్ళీ పెద్దదాని ముందు కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు.

పదిన్నరకి పళ్ళ డాక్టరు వచ్చాడు. వస్తూనే చేతులు బారచాపాడు.

"ఇల్లు అదిరిపోవాలి బాబాయిగారూ!"

"పళ్ళు కూడానా సార్?"

"పళ్ళ సంగతి నేను చూసుకుంటా, మీరు గోడల సంగతి చూడండి."

అప్పటికి చిన్న ఊఫరుతో బావ రికార్డింగే నడుస్తోంది. బాబాయి ఆపబోతే డాక్టరు వద్దన్నాడు. "ఉండనివ్వండి, ఏదో బావుంది." కాలు మీద కాలు వేసుకున్నాడు. బాబాయి అతని మొహం చూడలేదు. కొనేవాళ్ళ మొహాలు మొహమాటానికి కూడా మెచ్చుకుంటాయి, బూట్లకి ఆ మర్యాద తెలియదు. డాక్టరు బూటు మెల్లగా తాళం వేస్తోంది. బాబాయి చెయ్యి వెనక్కి పెట్టి, చడీ చప్పుడూ లేకుండా చిన్న ఊఫరు మీట నొక్కాడు. బూటు ఆగింది.

"ఏం తీసేశారు?"

"ఏం తీసేశాననిపించింది సార్?"

డాక్టరు చుట్టూ చూశాడు. "తెలీదు. గదిలోంచి ఎవరో లేచి వెళ్ళినట్టుంది."

బాబాయి మళ్ళీ మీట నొక్కాడు. బూటు మళ్ళీ కదిలింది. రెండు రోజులుగా తన చెవి చెబుతూ వచ్చిన మాటని ఇప్పుడొక బూటు చెబితే నమ్మాడు. ఇంతా చేసి డాక్టరు చివరికి, "చాలా బావుంది. అయినా నాకు ఆ పెద్దదే ఇవ్వండి, మా ఇంట్లో యుద్ధాల సినిమాలే చూస్తాం" అని లారీని కట్టించుకుని వెళ్ళిపోయాడు.

బాబాయి చిన్నదాన్ని చంకన పెట్టుకుని కౌంటరు దగ్గరికొచ్చాడు. ఓనరు అతనికన్నా ఇరవై ఏళ్ళు చిన్నవాడు.

"ఏంటి బాబాయ్, మిట్టమధ్యాహ్నమే బయల్దేరారు? పెద్ద రకంలో ఇంకొకటుంది, దాని మీద ఆఫరు కూడా నడుస్తోంది."

"ఊఫరూ ఉంటుంది, ఆఫరూ ఉంటుంది బాబూ. మా బావ సంగతే చెప్పలేను."

ఓనరు పెట్టె మీది దుమ్ము తన రుమాలుతో తుడిచి ఇచ్చాడు.

బస్సులో పెట్టెని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. కండక్టరు వంగి చూశాడు.

"దీనికి టికెట్టు తీశావా పెద్దాయనా?"

"ఒళ్ళో పిల్లకి టికెట్టేంటయ్యా?"

"వయసెంత?"

"ఎనిమిది." ఒక క్షణం ఆగి, "అంగుళాలు" అన్నాడు.

పక్క సీటావిడ నవ్వింది. కండక్టరు కూడా నవ్వి ముందుకెళ్ళాడు. బాబాయి మాత్రం నవ్వలేదు. ప్రతి స్టాపులోనూ బస్సు ఎందుకాగుతోందా అని మెడ సాచి చూస్తున్నాడు. దిగాల్సిన చోటుకి రెండు స్టాపుల ముందే లేచి నిలబడ్డాడు.

తలుపు తీసిన అక్క పెట్టె వైపు చూసింది. "రెండు రోజుల్లో సబ్బు బాగా అరిగిపోయిందే!"

గదిలో మధ్యాహ్నం ఎండ సగం మంచం దాకా వచ్చింది. బావ రెండు దిండ్ల మీద ఆనుకుని ఉన్నాడు. చెంపలు లోపలికి పోయాయి, కళ్ళలో కొంటెతనం మాత్రం ఎక్కడికీ పోలేదు.

"ఏరా, లారీని పంపించేశావా?"

"పంపించేశా బావా. ఈసారి సైకిలు తెచ్చా."

స్పీకర్లకి ఎదురుగా బావ పేము కుర్చీ ఉంది. బాబాయి పెట్టెని తీసుకెళ్ళి ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు.

"అదేం పనిరా? మనిషి కూర్చునే చోట పెట్టెని పెడతావా?" అంది అక్క.

"ఇది పద్ధతక్కా. వినే మనిషి చోటులో పెట్టెని పెట్టాలి. మనం గదంతా నేల మీద పాకుతూ వినాలి. ఎక్కడ బాగా వినపడితే, పెట్టెకి అదే చోటు. అప్పుడు దాన్ని అక్కడ పెట్టి, మనిషి తన కుర్చీలో తను కూర్చోవచ్చు."

"యాభై ఎనిమిదేళ్ళకి పాకుతున్నావు. ఇంక నడకెప్పుడొస్తుందో, మాటలెప్పుడొస్తాయో!"

బావ నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గాక కుర్చీ వైపు చూసి, "నాకన్నా నిటారుగా కూర్చుందిరా" అన్నాడు.

రికార్డింగు మొదలైంది. బాబాయి మోకాళ్ళ మీదకి, అరచేతుల మీదకి దిగాడు. గుమ్మం దగ్గర వింటే బేసు వాచిపోయి ఉంది. గది మధ్యకొస్తే ఉన్నట్టుండి మాయమైంది, నూతిలో పడ్డట్టు. కిటికీ కింద స్వరాలన్నీ బురదలా కలిసిపోయాయి. చెంప నేలకి దగ్గరగా ఆనించి, ఊపిరి బిగపట్టి, మంచం కాళ్ళ పక్కనుంచి, అల్మారా ముందునుంచి బెత్తెడు బెత్తెడుగా జరిగాడు. అల్మారాకీ వంటింటి గోడకీ మధ్య, మూల నుంచి మూరెడు ఇవతల ఆగాడు. అక్కడ ఒక్కొక్క స్వరం విడివిడిగా అడుగు వేస్తోంది. దేని కాలు దానిదే. దేని బరువు దానిదే.

లేచి వెళ్ళి, చిన్న స్పీకర్లు ఎక్కడ వదిలేస్తున్నాయో అక్కడే ఊఫరు అందుకునేలా మీట తిప్పాడు. ఆత్రంలో చప్పుడు కాస్త పెంచాడు.

"తగ్గించరా" అన్నాడు బావ, కళ్ళు మూసుకునే. "అంత లేను నేను."

తగ్గించాడు. బావ తల చిన్నగా ఊపాడు.

"పెట్టెని తర్వాత మారుద్దాం. అక్కా, ఇలా రా. ఇక్కడ మోకాళ్ళ మీద కూర్చో."

"నా మోకాళ్ళ సంగతి తెలిసే అంటున్నావా?" అంటూనే వచ్చింది. ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి తమ్ముడి భుజానికి ఆనించి, మూలుగుతూ మూలలో దిగింది. గోడ వైపు తిరిగి తల వంచింది.

గాయకుడు పాడుతున్నాడు. డ్రమ్ములు, చెంచాలు. అక్క పెదవి విరవబోయి ఆగింది.

"ఎవరో మెట్లు దిగుతున్నట్టుందిరా."

"బావే."

రెండో చరణంలో గాయకుడు తాళం మరిచి ముందుకు ఉరికాడు. కింద మెట్లు దిగుతున్న ఆయన ఒక్క మెట్టు మీద ఆగాడు. అతన్ని వెళ్ళనిచ్చి, తిరిగి వచ్చేదాకా ఉండి, చెయ్యి పట్టుకున్నట్టు మళ్ళీ కలుపుకుని దిగాడు.

"అయ్యో, ఆ పాడేవాడు తప్పాడు" అంది అక్క. "ఈయన ఆగారు. చూశావా? పట్టుకున్నారు!" గోడ వైపే చూస్తూ గొంతు పెంచింది. "ముప్ఫై ఏళ్ళూ మీరు చేసింది ఇదాండీ? వాడు పడిపోకుండా పట్టుకోవడమా? మరి చెప్పరేం? ఏమండీ, వినపడుతున్నారండీ మీరు!"

పాట అయిపోయింది. హోటల్లో జనం చప్పట్లు కొట్టారు.

"ఏమండీ?"

ఇద్దరూ ఒకేసారి తిరిగి చూశారు. బావ తల దిండు మీద కిటికీ వైపు వాలి ఉంది. పెదవులు కాస్త విడివడి ఉన్నాయి. ఛాతీ మీది దుప్పటి కదలడం లేదు. అక్క గోడ పట్టుకుని, అల్మారా పట్టుకుని, మంచం పట్టీ పట్టుకుని ఆయన దగ్గరికి చేరింది. బాబాయి మోకాళ్ళ మీదే ఉండిపోయాడు. అక్క మాట ముందా, ఆ ఆఖరి ఊపిరి ముందా? పాటని మనసులో వెనక్కి తిప్పుకుని వింటున్నాడు, మళ్ళీ తిప్పుతున్నాడు, ఏ చోటా తెలియడం లేదు. ఆపడానికి ఎవరూ లేవకపోవడంతో రికార్డింగు మిగిలిన పాటలన్నీ పాడి, తనంతట తనే ఆగింది.

కబురు తెలిసి కింది వాటా వాళ్ళు వచ్చారు, బావని చూసే డాక్టరు వచ్చాడు, బ్యాండులో డ్రమ్ములు వాయించినాయన వచ్చాడు. కూర్చోవడానికి చోటు చాలక ఎవరో పేము కుర్చీలోంచి పెట్టెని దించబోయారు.

"దాన్ని కదపకండి" అంది అక్క.

వచ్చినవాళ్ళు నేల మీదే సర్దుకుని కూర్చున్నారు. కుర్చీలో పెట్టె నిటారుగా ఉంది, తీగ కుర్చీ చేతి మీదుగా కిందికి వేలాడుతోంది. మోగడానికి ఏమీ రాక, దాని మూలనున్న ఆకుపచ్చ దీపం ఎర్రగా మారింది.