ఢోకా లేదు

మా ఆయన మోటార్ల మెకానిక్కు. బిల్డింగుల్లో నీళ్ళు పైకెక్కించే మోటార్లు బాగుచేస్తాడు. ఎక్కడికెళ్ళినా ఆయన కంటే ముందు ఆయన చెవులు పనిలోకి దిగుతాయి.

ఐదో నెల స్కానింగుకి వెళ్ళినప్పుడూ అంతే. నేను పొట్ట మీద చల్లటి జిగురు పూయించుకుని పడుకుంటే, ఆయన గోడకున్న ఏసీని కాసేపు విని, దీని బేరింగు అరిగిపోయింది, నెల తిరక్కుండా ఆగిపోతుందని స్కానింగ్ చేసే అమ్మాయికి జాతకం చెప్పాడు. ఆ అమ్మాయి నవ్వింది. మంచి మాటకారి. ఇదిగో వెన్నెముక, ఇదిగో పాదం, అబ్బో ఎలా తన్నేస్తోందో చూడండంటూ చుట్టాలకి కొత్త ఇల్లు చూపించినట్టు చూపించింది. గుండె దగ్గరికి వచ్చేసరికి ఆ మాటలన్నీ అయిపోయాయి. నన్ను ఒకసారి ఎడమకి తిరగమంది, ఒకసారి కుడికి. తర్వాత డాక్టరమ్మని పిలుచుకొస్తానని వెళ్ళిపోయింది. గదిలో ఏసీ ఒక్కటే అరుస్తోంది. ఆయన దాని ఊసు మళ్ళీ ఎత్తలేదు.

డాక్టరమ్మ ఒక కాగితం మీద గుండె బొమ్మ గీసింది. ఎడమవైపు పెరగలేదట. ఉండాల్సిన చోట ఆవగింజంత ఆనవాలుంది, అంతే. కడుపులో ఉన్నన్నాళ్ళూ బిడ్డకి ఏ ఇబ్బందీ లేదు, పుట్టాకే కష్టం. మూడు ఆపరేషన్లు చేసి, కుడివైపు చేతే రెండువైపుల పనీ చేయించవచ్చు. ఏ ఆపరేషనూ లేకుండా ఉన్నన్నాళ్ళు ఒళ్ళో పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. వద్దనుకుంటే ఇప్పుడే ఆపేయవచ్చు. ఏదైనా సోమవారంలోగా చెప్పమంది.

రెండు పనుల బరువు ఒక్కదాని మీద పడితే ఎన్నేళ్ళు లాగుతుందని మా ఆయన అడిగాడు. డాక్టరమ్మ ముచ్చటపడింది. ఇంత సూటిగా ఎవరూ అడగరట. కాలేజీకి వెళ్తున్న పిల్లలున్నారు, ఆస్పత్రి నుంచి ఇంటికే వెళ్ళని పిల్లలూ ఉన్నారు, ముందుగా చెప్పలేమంది. ఆయన ఆ కాగితాన్ని మడిచి చొక్కా జేబులో టెస్టరు పక్కన పెట్టుకున్నాడు.

బస్సులో కూర్చున్నాక అన్నాడు, "ఢోకా లేదులే."

నా ప్రాణం అక్కడే జారిపోయింది.

ఏడేళ్ళ కాపురంలో నేను నేర్చిన విద్య ఇదొక్కటే. మోటారు బాగుంటే ఆయన ఏమీ అనడు, పెట్టె సర్దుకుని వచ్చేస్తాడు. పూర్తిగా పోతే పోయిందంటాడు. ఇవాళో రేపో అన్నట్టుండి, ఎదురుగా ఇంటివాళ్ళు ముఖాలు వేలాడేసుకుని నిలబడితే మాత్రం "ఢోకా లేదండీ" అంటాడు. ఆ మాట పడ్డ మోటారు మరో ఎండాకాలం చూసిన పాపాన పోలేదు. నాకెలా తెలుసంటే, తర్వాత వచ్చే ఫోన్లు ఎత్తేది నేనే. ఢోకా లేదన్నాడు కదమ్మా మీ ఆయన, అని వాళ్ళు దులిపేస్తుంటే, మనిషి మెత్తనండీ, తిట్టకండి అని సర్దిచెప్పేదీ నేనే.

వాళ్ళమ్మకి మాత్రం ఫోన్లో, ఏదో చిన్న వాల్వు సమస్య అన్నాడు. అత్తయ్య మర్నాడే ఊడిపడింది. వాల్వేగా, మావాడు రోజుకి పది మారుస్తాడు, నువ్వు బెంగపడకు అని నా వీపు నిమిరింది. నేను నవ్వాను. తర్వాత స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి విప్పి ఏడ్చాను. మెకానిక్కు ఇల్లు, నీటికేం కరువు.

ఆ వారమంతా అన్నం ముందు ఒకసారి, పక్క మీద ఒకసారి ఢోకా లేదన్నాడు. మందులా రెండు పూటలా.

ఆదివారం పొద్దున మా బిల్డింగు మోటారే మొరాయించింది. టీ తీసుకుని కిందికి వెళ్ళాను. మోటారు గదిలో ఆయన గొంతుక్కూర్చుని, పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనని, మళ్ళీ తిరగడం మొదలెట్టిన మోటారుకి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వింటున్నాడు. లోపల ఏది అరిగిందో అలాగే పసిగడతాడు. పక్కన బిల్డింగు సెక్రటరీ. ఎలా ఉందని సెక్రటరీ అడిగితే మా ఆయన ఢోకా లేదన్నాడు. అంటూనే గుమ్మంలో నన్ను చూశాడు.

సెక్రటరీ వెళ్ళేదాకా ఆగి, ఎన్నాళ్ళొస్తుందని అడిగాను.

"ఎండాకాలం దాటదు."

"మరి ఆయనతో అలా చెప్పారే?"

"కొత్తది రావాలంటే రెండు నెలలు. అందాకా రోజూ భయపడుతూ నీళ్ళు పట్టుకోవడమెందుకని."

"నాకలా చెప్పకండి. నేను మీ గిరాకీని కాను."

ఆయన జేబులోంచి ఆ కాగితం తీశాడు. వారంలో ఎన్నిసార్లు విప్పాడో, మడతల దగ్గర నల్లబడి చిరిగిపోయింది.

"రెండింటి పనీ ఒక్క మోటారుతో నడిపినవి నేను చూశాను. నాకు తెలిసినదాంట్లో మంచిమాట ఒక్కటి లేదే. వెతికాను. అందుకే ఢోకా లేదన్నాను."

చేతిలోని గుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు. ముఖమంతా గ్రీజు. ఇంకో రోజైతే ఒక మాట విసిరేదాన్ని.

ఆపించేద్దామా అని నేనే అడిగాను. ఆ మాట ఎవరో ఒకరు అనాలి కదా. బిడ్డ కదులుతోందా అని ఆయన అడిగాడు. మోటారు తిరుగుతుంటే మరీ ఎగురుతోందన్నాను. వెంటనే స్విచ్చి కట్టేశాడు. చెయ్యి అలవాటుగా స్క్రూడ్రైవర్ వైపు వెళ్ళి ఆగింది. మోకాళ్ళ మీద కూర్చుని చెవిని నా పొట్టకి ఆనించాడు.

ఏ మోటారుకైనా అర నిమిషం చాలు ఆయనకి. ఇప్పుడు టీ చల్లారిపోయింది. వినబడుతున్నది బిడ్డ గుండో నా గుండో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. ఏమంటోందని అడిగాను.

"ఏమో. నాకు తెలీడం లేదు." కాసేపటికి చెవి తీయకుండానే అన్నాడు, "తెచ్చుకుందాం. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు."

సరేనన్నాను.

సాయంత్రం అత్తయ్యకి తనే చెప్పాడు, వాల్వు కాదమ్మా, సగం గుండె లేదని. అత్తయ్య వెళ్ళి నా మంచం పట్టె మీద కూర్చుంది.

సోమవారం డాక్టరమ్మతో మూడు ఆపరేషన్లూ చేయించుకుంటామని చెప్పాం. మళ్ళీ ఒకసారి గుండె చూడాలంటే స్కానింగ్ గదికి వెళ్ళాం. గది ఉడికిపోతోంది. ఆ అమ్మాయి ఫైలుతో విసురుకుంటూ, మీరన్నట్టే అయిందండీ, మొన్న శుక్రవారం ఏసీ ఆగిపోయింది, మీ చెవి తప్పదని మా వాళ్ళందరికీ చెప్పానంది.

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఏసీ వంక చూడలేదు.

"తప్పుతుందమ్మా," అన్నాడు. "ఒక్కోసారి తప్పుతుంది."