నలభై ఏడో పాట

తెనాలి మెకానిక్ వరప్రసాదం పేరు వినలేదా? అయితే మీరు ఆ కాలంలో పుట్టనట్టే లెక్క! చేబ్రోలు దగ్గర లారీ దగ్గితే తన షెడ్డులో టీ తాగుతూ రోగం చెప్పేసేవాడు. బాపట్లలో మొండికేసిన ట్రాక్టరు ఆయన సైకిలు బెల్లు వినగానే బయల్దేరిందట! అంతటివాడికి తొంభై మూడులో రేపల్లె చర్చి సంఘం వారి పాత డీజిల్ వ్యాను చుక్కలు చూపించింది.

నడుస్తూ నడుస్తూ చటుక్కున ఆగేది. ఐదు నిమిషాలకు తనంతట తానే లేచేది. ఆగినప్పుడల్లా స్టీరింగు వెనక ఎర్రదీపం లెక్కగా మిణికేది. రెండుసార్లు, కాస్త ఆగి మూడుసార్లు మిణికితే కీర్తనల పుస్తకంలో ఇరవై మూడో పాట. బండిలో ఉన్న ఎవరో ఒకరి కోసం ఆ వారంలో ఆ పాట పాడేవారు. బాప్తిస్మం కావచ్చు, పెళ్లి కావచ్చు. సంఘంలో ఎవరికీ అది వింత కాదు. బండి ఆగడమే బాధ.

వరప్రసాదం ఫిల్టరు మార్చాడు, పైపుల్లో గాలి తీశాడు, పంపు విప్పి బిగించాడు. షెడ్డులో మాత్రం బండి బుద్ధిగా ఉండేది. "దీని దొంగబుద్ధి దారిలోనే పట్టాలి" అని రేపల్లె వెళ్లి తానే ఎక్కాడు. ఆ రోజే డ్రైవరు కొండయ్య భార్య సారాకి నొప్పులొచ్చాయి, బిడ్డ అడ్డం తిరిగింది. ముగ్గురూ తెనాలి ఆసుపత్రికి బయల్దేరారు.

సగం దారిలో బండి ఆగింది. దీపం నాలుగుసార్లు మిణికింది. ఆగింది. ఏడుసార్లు.

నలభై ఏడు. సమాధి దగ్గర పాడే పాట.

కొండయ్య స్టీరింగు మీద తల వాల్చేశాడు. "బాబాయ్, నా సారా..."

"ఏడుపు తర్వాతరా, ముందు స్పానరందుకో."

డీజిల్ పైపు విప్పితే చుక్క రాలేదు. నోటితో వెనక్కి ఊదితే ట్యాంకులో బుడబుడమంది. బండి లేచి, ఫర్లాంగు పోయి మళ్లీ ఆగింది.

"లోపల గుడ్డేదో పైపు మూతికి అంటుకుని వదులుతోంది. ఏం పోశావురా దీన్లో?"

"నిజాంపట్నంలో పడవ డ్రమ్ములోంచి పోయించానండి. నలకలు పడకుండా గరాటులో పాత పంచెముక్క పెట్టాను. తర్వాత అది కనబడలేదు."

"కనబడకపోతే వెతుక్కోవట్రా వెధవా!"

వెనక సీట్లో సారా అరుపులు ఆగిపోయాయి. అరుపులే నయమనిపించింది.

డీజిల్ దించే ట్యాంకు అడుగు బోల్టు తుప్పుపట్టి బిగిసింది. వరప్రసాదం రబ్బరు గొట్టం దించి నోటితో పీల్చాడు. అలా పీల్చి సముద్రాన్నే తోడెయ్యగలనని రోజూ కోతలు కోసేవాడు. తొందరలో ఊపిరితో పాటు లాగేశాడు. డీజిల్ ఊపిరితిత్తుల్లోకి దిగింది. దగ్గుతూనే డీజిలంతా బకెట్టులోకి దించి, వంచిన తీగతో పంచెముక్క బయటికి లాగి, డీజిల్ తిరిగి పోశాడు.

ఇంజను అందుకుంది. ఈసారి బండి ఆగకపోయినా దీపం మళ్లీ నాలుగు, ఏడు.

"బాబాయ్, ఇంకా అదే పాట!"

"రోడ్డు చూడు" అన్నాడు వరప్రసాదం, దగ్గు ఆపుకుంటూ.

సారా బతికింది. ఆడపిల్ల. మూడో రోజుకి వరప్రసాదం అదే ఆసుపత్రిలో, పెదాలు నల్లబడి, గురగురమనే ఊపిరితో పడుకున్నాడు. పక్కన కొండయ్య. ఆ పాట ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

"సారాకి చెప్పకురా, పచ్చి బాలింత. అడిగితే దీపం చెడిపోయి తప్పు చూపించిందను" అన్నాడు వరప్రసాదం. కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"దాన్ని బాగుచెయ్యడం నా వల్ల కాలేదను."