గీత దాటిన రికార్డింగ్

కుదురుగా కూర్చోవడం కేశవ ఒంట్లోనే లేదు. రాప్తాడులో మిద్దె మీది రేకుల గదిలో జాతర పాటలు చేసి బతికే మనిషికి ఓపికన్నా ఉండాలి కదా, అదీ లేదు. ఏ పాటనూ చివరిదాకా వినడు. మొదటి చరణం బాగుంటే మిగతాదీ బాగుంటుందని ఆయన నమ్మకం.

ఇప్పుడు దానికి తోడు కడుపుమంట. పెళ్లాం హేమావతి రాయదుర్గం పోయి జీన్స్ కుట్టే పనిలో చేరింది. ఒక్క మాటైనా చెప్పకుండా పోయిందని కనబడిన వాడికల్లా చెప్పుకుంటున్నాడు. ఆమేమో ఫోన్‌లో, "చెప్పినా మామా" అంటుంది. "యాడ చెప్పినావు? అబద్ధాలాడొద్దు" అని ఈయన పెట్టేస్తాడు. తప్పు ఒప్పుకుంటే తప్ప గడప తొక్కనివ్వనని భీష్మించుకున్నాడు.

పోయే ముందురోజు ఆమె పాడిన గంగమ్మ పాటకే ఈ పొద్దు వాయిద్యాలన్నీ చేర్చి, కంప్యూటర్‌లో ఎక్స్‌పోర్ట్ కొట్టాడు. ఐదు నిమిషాల పాట చిటికెలో ఫైలైపోయింది. వినకుండానే జాతర పెద్ద గంగాధర్‌కు పంపాడు. వెంటనే ఫోన్.

"ఏమప్పా, సన్నాయి యాడ? పాట బోడిగా ఉండాది!"

కేశవ నెత్తి కొట్టుకున్నాడు. సన్నాయి పలికేది పక్కనున్న పాత కీబోర్డు. ఏ స్వరం వాయించాలో కంప్యూటర్ చెబుతుంది గానీ, ఆ గొంతు కంప్యూటర్‌లో లేదు. ఎక్స్‌పోర్ట్ కంప్యూటర్ లోపలున్న దాన్నే మూటగడుతుంది. సన్నాయి కావాలంటే పాటంతా మొదటి నుంచి మోగించి, మోగుతుండగానే రికార్డు చేయాలి. ఐదు నిమిషాలకు ఐదు నిమిషాలూ కాచుకోవాలి.

"బిరీన పంపప్పా, ట్రాక్టర్‌కు మైకులు కట్టేసినాం" అన్నాడు గంగాధర్.

కేశవ రికార్డు నొక్కాడు. కాళ్లు ఊపాడు, గోళ్లు కొరికాడు, లేచి కిటికీ దాకా పోయి వచ్చాడు. కింద నీళ్ల ట్యాంకర్ హారన్ వినబడగానే బతికానురా దేవుడా అనుకుని బిందె ఎత్తుకుని పరుగెత్తాడు. అక్కడ పక్కింటి తిప్పమ్మతో వరస కోసం పోట్లాడి, నింపుకుని పైకి వచ్చేసరికి పాట ఎప్పుడో అయిపోయింది. గదిలో మాత్రం ఏదో వినబడుతూనే ఉంది. ఎక్స్‌పోర్ట్ అయితే పాట చివర పెట్టిన గీత దగ్గర ఆగిపోయేది. ఈ రికార్డింగ్‌ను ఆపేవాడు లేడు. హేమావతి పాడిన నాడు పాట అయ్యాక మైకు ఆపడం మరిచిపోయాడేమో, తర్వాత పడిందంతా ఇప్పుడు స్పీకర్లోంచి వస్తోంది.

హేమావతి గొంతు. "మామా, రాయదుర్గంలో కుట్టుపని ఉండాదంట. రేపట్నుంచే రమ్మన్యారు. పోయేదా?"

వెనక కేశవ గొంతు. ఫోన్‌లో ఎవరితోనో నవ్వుతూ నవ్వుతూ, మధ్యలో ఇటు తిరిగి, "ఊ, పో పో" అన్నాడు.

తర్వాత ఆమె తనలో తాను అనుకుంటున్నట్టు, "ఉండమంటాడేమో అనుకున్యా" అంది. తలుపు మూసిన చప్పుడు.

కేశవ బిందె దించాడు. ఇన్నాళ్లూ ఊరంతటి ముందర ఆమెను అబద్ధాలకోరును చేశాడు. గంగాధర్ ఫోన్ మోగుతుంటే కట్ చేసి ఆమెకు కలిపాడు. అవతల మిషన్ల రొద.

"హేమా, నువ్వు చెప్పినావు. నేనే..."

అవతల రొద మెల్లగా తగ్గింది. ఆమె బయటికి వచ్చి నిలబడినట్టుంది.

"చెప్పు మామా," అంది, "వింటాండా."